మావీ తిమింగలాల సీజన్: పడవెక్కే ముందు వదిలేయాల్సిన అపోహలు

హవాయిలోని మావీ దీవి చుట్టుపక్కలకు డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా హంప్‌బ్యాక్ తిమింగలాలు వస్తాయి. జనవరి నుంచి మార్చి వరకు బాగా కనిపిస్తాయి. మాఅలాయా రేవులో పడవెక్కేవాళ్ల నోట తరచూ వినిపించే మాటలు ఇవి.

"డబ్బులిచ్చాం కదా, ఇంకాస్త దగ్గరికి పోనివ్వచ్చుగా!"

పోనివ్వకూడదు. 100 గజాల దూరం పాటించాలన్నది కెప్టెన్ మొహమాటం కాదు, అమెరికా ఫెడరల్ చట్టం. ఈ గజాలు ఇళ్లస్థలాల గజాలు కావు, పొడవు గజాలు. అంటే దాదాపు 91 మీటర్లు. తిమింగలం వెళ్లే దారి కనిపెట్టి, ముందుకెళ్లి అడ్డంగా కాపుకాయడం కూడా నిషేధమే. అదే తనంతట తాను పడవ దగ్గరికొస్తే ఇంజన్‌ను న్యూట్రల్‌లో పెట్టి, అది దాటిపోయేదాకా కదలకుండా ఉండాలి. టికెట్టు గిట్టుబాటయ్యేది సరిగ్గా అప్పుడే.

"తలలోంచి నీళ్లు చిమ్ముతుంది."

అది ఊపిరి. చలికాలం పొద్దున్నే మన నోట్లోంచి పొగ వచ్చినట్టే. దూదిపింజలా మూడు మీటర్ల దాకా లేచి, కొన్ని సెకన్లలో గాలికి చెదిరిపోతుంది. అందుకే మొదట్లోనే బైనాక్యులర్ కళ్లకు పెట్టుకోవద్దు. అందులో కనిపించేది చిటికెడు సముద్రమే. ఉత్త కళ్లతో ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా చూస్తూ పోండి. ఊపిరి కనబడగానే గడియారం లెక్కన చెప్పండి: పడవ ముక్కు 12, కుడి పక్క 3, వెనక 6. "అదిగో, అదిగో" అంటే ఎవరికీ అర్థం కాదు.

వరసగా కొన్నిసార్లు ఊపిరి తీశాక వీపు విల్లులా వంగి తోక పైకి లేచిందంటే లోతుకు దిగుతున్నట్టే. తోక మునిగిన చోట నీళ్ల మీద నూనె పోసినట్టు నున్నటి గుండ్రటి మరక తేలుతుంది. పెద్ద తిమింగలం మళ్లీ పైకి రావడానికి 10-15 నిమిషాలు పట్టొచ్చు. పిల్ల మాత్రం 3-5 నిమిషాలకోసారి గాలికి రావాల్సిందే. తల్లీపిల్లా ఉన్నచోట పడవ ఎక్కువసేపు ఆగేది ఇందుకే.

"మధ్యాహ్నం ఎండలో బాగా కనిపిస్తాయి."

మాఅలాయాలో పొద్దెక్కేకొద్దీ గాలి ముదురుతుంది. గాలి వేగం 12 నాట్లు (గంటకు దాదాపు 22 కిలోమీటర్లు) దాటితే అలల మీద తెల్ల నురగ లేస్తుంది. ఏది నురగో ఏది ఊపిరో తేల్చుకోలేం. పొద్దున మొదటి ట్రిప్పే మేలు. వాంతుల మాత్ర బయల్దేరడానికి గంట ముందే వేసుకోవాలి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అది అరిగేలోపే బయటికొస్తుంది. ఖాళీ కడుపు వద్దు, పూరీలూ వద్దు. పడవ మధ్యలోనో వెనకవైపునో నిలబడి దూరంగా దిగంతాన్ని చూడండి. క్యాబిన్లో ఫోన్ చూస్తూ కూర్చున్నవాళ్లే ముందు పడిపోతారు.

"చేపల కోసం వస్తాయి."

మేత ప్రధానంగా అలాస్కా వైపే. సుమారు 4,800 కిలోమీటర్లు ఈదుకుంటూ ఇక్కడికొచ్చేది జత కట్టడానికి, ఈనడానికి. ఉన్నన్నాళ్లూ దాదాపు ఉపవాసమే. పుట్టినప్పుడే టన్ను దాకా బరువుండే పిల్లకు తల్లి తన ఒంట్లోని కొవ్వును కరిగించి పాలిస్తుంది. పడవ వెంటపడితే ఆ కొవ్వు పరుగుకు ఖర్చవుతుంది.

"పాడేది ఆడ తిమింగలం."

కాదు, మగది.

"డాల్ఫిన్లతో ఈత కొట్టొచ్చు."

స్పిన్నర్ డాల్ఫిన్లు రాత్రంతా వేటాడి, పగలు తీరం దగ్గర విశ్రాంతి తీసుకుంటాయి. 2021 నుంచి తీరానికి 2 నాటికల్ మైళ్లలోపు (దాదాపు 3.7 కిలోమీటర్లు) వాటికి 50 గజాలకన్నా దగ్గరికి వెళ్లకూడదు, ఈదుకుంటూ వెళ్లినా సరే.

"పడవెక్కకపోతే కనిపించవు."

మాఅలాయా నుంచి లహైనా వైపు కారులో వెళ్తుంటే ఎడమ పక్కన పాపవాయి పాయింట్ వస్తుంది. గాలి లేని పొద్దున అక్కడ నిలబడితే చాలు. కొండ ఎత్తు మీద నుంచి ఊపిరి చాలా దూరందాకా కనిపిస్తుంది, టికెట్టూ అక్కర్లేదు, మాత్రా అక్కర్లేదు.