ఎండినా రంగు నిలిచే పూలు

పెళ్లి దండనో, పుట్టినరోజుకు వచ్చిన బొకేనో దాచుకోవాలని చాలామందికి ఉంటుంది. కొన్నాళ్లకే గులాబీ నల్లబడి, మల్లెలు గోధుమరంగుకు తిరిగితే మనసు చివుక్కుమంటుంది. దాచడం చేతకాలేదనుకుంటాం కానీ, సగం ఫలితం పువ్వును ఎంచుకున్నప్పుడే తేలిపోతుంది.

తాజా రేకు బరువులో ఎక్కువ భాగం నీరే. ఆ నీటి ఒత్తిడే రేకును బిగువుగా నిలబెడుతుంది. నీరు పోతే ముడతలు పడుతుంది. రంగుకు జరిగే నష్టం ఇంకా పెద్దది. బతికున్న కణంలో ఎంజైములు, ఫినాలిక్‌లనే రసాయన పదార్థాలు వేర్వేరు అరల్లో ఉంటాయి. కణం చచ్చి లోపలి పొరలు చిరిగితే రెండూ కలుస్తాయి. దానికి ఆక్సిజన్ తోడై గోధుమరంగు పుడుతుంది. కోసిన వంకాయ నల్లబడేదీ ఇలాగే. తెల్లని మల్లెలో ఆ మరక వెంటనే బయటపడుతుంది. గులాబీ ఎరుపు ఆంథోసయనిన్లనే రంగు పదార్థాలది. కణంలోని ఆమ్లత మారితే ఆ రంగూ మారుతుంది, పైగా నీరు తగ్గేకొద్దీ చిక్కబడి నలుపులోకి దిగుతుంది. బంతిపూల పసుపు కెరోటినాయిడ్లనే మరో రకం రంగు పదార్థాలది. అవి నీళ్లలో కరగవు కాబట్టి ఎండినా రంగు చాలావరకు ఉంటుంది.

అసలు దాచుకోవడానికే పుట్టినట్టుండేవి మన బొగడబంతి, పట్టుకుచ్చు, గునుగు. బొగడబంతిలో మనం పువ్వనుకునేది నిజానికి రంగు తేలిన చిన్న చిన్న ఆకుల గుత్తి. అసలు పూలు వాటి మధ్య నలుసుల్లా ఉంటాయి. ఆ ఆకులు మొక్క మీద ఉండగానే కాగితంలా పొడిగా ఉంటాయి, ఇక ఎండేటప్పుడు ముడుచుకుపోవడానికి పెద్దగా ఏముంటుంది? వీటి గులాబీ, ఎరుపు ఛాయలు ఆంథోసయనిన్లవి కావు, బీటాలైన్లనే వేరే రంగు పదార్థాలవి. నీరు లేనిచోట బీటాలైన్లు బాగా నిలుస్తాయి. బతుకమ్మలో గునుగుకు రంగులద్ది పేర్చే తెలంగాణ ఆడపడుచులకు ఈ పువ్వు ఓర్పు ఎప్పటినుంచో తెలుసు.

తొలకరికి విత్తనం చల్లి, రోజంతా ఎండ తగిలేచోట పెంచితే దసరాకల్లా పూలు చేతికొస్తాయి. ఎరువు ఎక్కువైతే ఆకే పెరుగుతుంది. మంచు ఆరాక, పువ్వు ముదిరి గింజ రాలకముందే కోసి, చిన్న కట్టలుగా గాలి ఆడే చీకటి గదిలో తలకిందులుగా వేలాడదీయాలి. రెండు మూడు వారాలు పడుతుంది.

గులాబీకి ఈ పద్ధతి చాలదు. ఇసుకలా సన్నగా ఉండే సిలికా జెల్ కావాలి. మూత బిగుసుకునే డబ్బాలో పువ్వును నిలబెట్టి, రేకుల మధ్యకు కూడా మెల్లగా పోయాలి. నీటిని త్వరగా లాగేస్తూనే, రేకు కుంగకుండా అన్ని వైపులా అదే ఆసరా అవుతుంది. దాదాపు వారంలో ఆరుతుంది. వాడిన జెల్‌ను వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. నీలం నుంచి గులాబీ రంగుకు మారే జెల్ రకంలో కోబాల్ట్ క్లోరైడ్ అనే హానికర రసాయనం ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో అది వద్దు.

1922లో పురావస్తు పరిశోధకుడు హోవర్డ్ కార్టర్ బయటపెట్టిన ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధిలో 3,300 ఏళ్ల నాటి పూలమాలలు దొరికాయి. పూలలో రంగు ఛాయ ఇంకా ఉందని ఆయన రాశాడు. పొడి గాలి, చీకటి, ఎవరూ కదపని చోటు, ఈ మూడూ అక్కడ కలిసొచ్చాయి. మన కోస్తాలో గాలి తేమగా ఉంటుంది, ఎండిన పువ్వు మళ్లీ ఆ తేమను పీల్చుకుని మెత్తబడుతుంది. అందుకే గాజు మూత కింద, చిన్న సిలికా పొట్లంతో, కిటికీ ఎండకు దూరంగా పెట్టడం మంచిది. పోశాక గాజులా గట్టిపడే రెసిన్‌లో పువ్వును పొదిగించాలనుకుంటే పువ్వు పూర్తిగా ఆరాకే ఇవ్వండి, తడి మిగిలితే లోపలే గోధుమరంగుకు తిరుగుతుంది.