ఆ పది పీతలూ ఇప్పుడే కొనకండి

కళింగపట్నం

చిరంజీవులు పండుకి, బుజ్జికి తాతయ్య దీవెనలు.

మీ కొత్త ఉప్పునీటి చేపల ట్యాంక్ ఫోటోలు ఫోన్‌లో పంపారు కదా, కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చూశాను. ఇసుక మీద, రాళ్ల మీద, గాజు మీద టీ డికాక్షన్ ఒలికినట్టు గోధుమరంగు పొర. దాన్ని తిని శుభ్రం చేయడానికి పది సన్యాసి పీతలు (ఖాళీ గుల్లల్లో కాపురముండేవి), పది నత్తలు కలిపి ఒకే ప్యాకేజీగా అమ్ముతున్నారు, కొనేయమంటావా అని అడిగారు. ఇప్పుడే కొనకండి.

ఆ పొర డయాటమ్‌లనే సూక్ష్మజీవులది. వాటి పెంకు సిలికాతో తయారవుతుంది. కొత్త ఇసుకలో, కొత్త నీళ్లలో సిలికా దొరుకుతుంది కాబట్టి కొత్త ట్యాంక్‌లో ముందుగా అవే వస్తాయి. సిలికా అయిపోయాక చాలావరకు వాటంతటవే పోతాయి. మీ ట్యాంక్ పెట్టి మూడు వారాలే అయింది, టెన్షన్ పడకండి. నీళ్ల టెస్ట్‌లో అమోనియా, నైట్రైట్ అనే విషాలు రెండూ సున్నా చూపించేదాకా ఏ ప్రాణినీ నీళ్లలో దింపొద్దు.

ఇప్పుడు లెక్క చూడండి. మీ ట్యాంక్ రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అంచుదాకా పోస్తే దాదాపు 56 లీటర్లు. రాళ్లూ ఇసుకా పోను 45 లీటర్లు ఉంటే ఎక్కువ. అందులో ఇరవై నోళ్లకు మేత ఎక్కడుంది? ఉన్న నాచు కొద్ది రోజుల్లో అయిపోతుంది. తర్వాత ఒక్కొక్కటీ ఆకలితో చచ్చిపోతుంది. గుల్లలో కుళ్లిన నత్త ఒక్కటి చాలు, అంత చిన్న ట్యాంక్‌లో అమోనియా పెరగడానికి. అందుకే ముందు మురికి ఎక్కడుందో చూడాలి, దానికి తగిన నోరు తేవాలి, అదీ రెండూ మూడూ చొప్పున.

గాజు మీదా రాళ్ల మీదా పచ్చని పాచి పడితే ట్రోకస్ నత్త మంచిది. గుల్ల చిన్న గోపురంలా ఉంటుంది. జారి వెల్లకిలా పడ్డా తనంతట తానే తిరగబడుతుంది. ఆస్ట్రేయా అని ఇంకో నత్త అమ్ముతారు, పని బాగానే చేస్తుంది గానీ వెల్లకిలా పడితే చాలాసార్లు లేవలేదు. మీరు బడికి వెళ్లిన వేళ పడితే ఎవరు తిప్పుతారు? మీకు ట్రోకస్ రెండు చాలు. పెంపకంలో పుట్టినవని బిల్లు ఇస్తేనే తీసుకోండి. సన్నగా, పొడుగ్గా, మెలి తిరిగిన సెరిత్ నత్తలు మూడు వేయండి. అవి ఇసుకలోనూ తిరుగుతాయి, రాత్రిపూట ఎక్కువగా కదులుతాయి.

నాకు బాగా ఇష్టమైనది నసారియస్. ఇది పాచి ముట్టదు. మిగిలిపోయిన చేపల మేత, చచ్చినది ఏదైనా దీని తిండి. రోజంతా ఇసుకలో కూరుకుపోయి ఉంటుంది, పైకి సన్నటి గొట్టం ఒక్కటే తొండంలా నిలబడుతుంది. చిన్న రొయ్య ముక్క వేసి చూడండి. ముందు ఆ గొట్టం అటూ ఇటూ ఊగుతుంది. అంతలో ఇసుక ఉబ్బుతుంది, నత్త మొత్తం బయటికొచ్చి, నత్త అనిపించనంత వేగంగా ముక్క దగ్గరికి వెళ్లిపోతుంది. చేపలు వచ్చాక రెండు తెచ్చుకోండి. చేపలే లేనప్పుడు వాటికి తిండి ఉండదు.

ఇక సన్యాసి పీతలు. విశాఖలో ఉద్యోగం చేసే రోజుల్లో నేనూ ఇలాంటి ట్యాంకే పెట్టాను. ఆరు పీతలు తెచ్చి వదిలేశాను, ఖాళీ గుల్ల ఒక్కటీ వేయలేదు. ఒక ఉదయం చూస్తే నా నత్తల్లో ఒకటి చకచకా నడుస్తోంది. దగ్గరికి వెళ్లి చూస్తే గుల్ల నత్తదే, బయటికి తొంగిచూస్తున్న కాళ్లు పీతవి. నెల తిరిగేసరికి నాలుగు నత్తలు అలా పోయాయి. తప్పు పీతలది కాదు. సన్యాసి పీతకు పొట్ట భాగం మెత్తగా ఉంటుంది, ఒళ్లు పెరిగే కొద్దీ పెద్ద గుల్ల కావాలి. దొరక్కపోతే నత్తను తీసి పారేసి దాని ఇంట్లో దూరుతుంది. మీరు తప్పకుండా పీత కావాలంటే ఒక్కటి, మహా అయితే రెండు. ఒక్కోదానికి మూడు నాలుగు ఖాళీ గుల్లలు, దాని గుల్ల కంటే కొంచెం పెద్దవి, ఇసుక మీద పెట్టండి. అప్పుడు కూడా నత్తల జోలికి అసలు పోదని నేను మాటివ్వలేను.

ఇసుక మథించే నక్షత్ర చేప చూడ్డానికి ఎంత ముద్దొచ్చినా వద్దు. ఇంత చిన్న ట్యాంక్ ఇసుకలోని జీవులన్నీ తినేసి, మెల్లమెల్లగా ఆకలితో పోతుంది. పెద్ద టర్బో నత్త కూడా వద్దు, మష్రూమ్ కోరల్ అనే మెత్తని పగడం లాంటివి పెడితే తోసి పడేయగలదు.

బుజ్జీ, మన ఒడ్డున ఏరి తెస్తానన్నావు. వద్దమ్మా. ఒడ్డు మీది నత్తల్లో చాలా రకాలు అలలు తగులుతూ, మధ్యమధ్య గాలికి ఆరుతూ బతుకుతాయి. గాజు ఎక్కి బయట పడిపోతాయి. నీళ్లూ పట్టుకెళ్లొద్దు. వంశధార ఇక్కడే కలుస్తుంది కదా, వానాకాలంలో ఒడ్డు నీళ్లు బురదగా, ఉప్పు తగ్గి ఉంటాయి. మీకు కావలసింది సాపేక్ష సాంద్రత (మంచినీళ్లతో పోల్చిన బరువు) 1.025 దగ్గర నిలకడగా ఉండే ఉప్పునీళ్లు. ఇంకోమాట, రాతి పగడాలు, సముద్ర దోసకాయలు 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఉన్నాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చినా ఇంటికి తేకూడదు.

నత్తల్ని తెచ్చిన రోజు సంచిలోంచి నేరుగా ట్యాంక్‌లో వేయకండి. ఉప్పు ఒక్కసారిగా మారితే అవి తట్టుకోలేవు. సన్న ఎయిర్ ట్యూబుకి ముడి వేసి, ట్యాంక్ నీళ్లు సెకనుకు రెండు మూడు చుక్కలు చొప్పున వాటి గిన్నెలో పడనివ్వండి, గంటసేపు. సంచి నీళ్లు ట్యాంక్‌లో కలపకండి. చేపలకు జబ్బు చేసిందని రాగి కలిసిన మందు మాత్రం ట్యాంక్‌లో ఎప్పుడూ పోయొద్దు. నత్తలు, రొయ్యలు, పీతలు అన్నీ చచ్చిపోతాయి.

నత్త రెండు రోజులు కదలకపోతే బయటికి తీసి వాసన చూడండి. చచ్చిపోతే ఆ కంపు వెంటనే తెలిసిపోతుంది. వాసన లేకపోతే ఇసుక మీద మెల్లగా పెట్టేయండి, నిద్రలో ఉండి ఉంటుంది.

పండక్కి వచ్చేటప్పుడు ఖాళీ గుల్లలు ఒక డబ్బా నిండా తెస్తాను. లోపల ప్రాణి లేదని చూసి, ఉడకబెట్టి, ఆరబెట్టి మరీ. ఈలోగా రోజూ అమోనియా చూసి నోటు పుస్తకంలో రాసి పెట్టండి. రాత్రి లైటు ఆర్పిన గంటకు టార్చి వేసి ట్యాంక్ చూడండి. రాళ్లలోంచి మీరు కొనని జీవులు కూడా తిరుగుతూ కనిపించవచ్చు. ఏం కనిపించిందో, ఎన్ని కాళ్లున్నాయో నాకు రాయండి.

మీ తాతయ్య