డెవలప్‌మెంట్ చార్జీలు కట్టాం, మా వీధి రోడ్డేదీ? – అపోహలు, వాస్తవాలు

విశాఖలో ఎల్‌టీపీగా, అంటే లైసెన్సున్న టెక్నికల్ పర్సన్‌గా, ఇళ్ల ప్లాన్లు పెడుతుంటాను. మధురవాడ, కొమ్మాది, పెందుర్తి, ఆనందపురం వైపు ప్లాట్లు కొన్నవాళ్లే ఎక్కువగా వస్తారు. ఇంకా కట్టాల్సిన చార్జీలు చూపే షార్ట్‌ఫాల్ లెటర్‌లో అంకె చూడగానే వాళ్ల ముఖం మారిపోతుంది. ఆ వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: "ఇన్ని లక్షలు కట్టించుకుంటున్నారు కదా సార్, మరి మా వీధికి రోడ్డు ఎప్పుడు వేస్తారు?"

ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ అది వెళ్లాల్సిన చోటికి వెళ్లడం లేదు. దాని వల్ల జనం బాగా నష్టపోతున్నారు.

అపోహ: చార్జీలు కట్టాం కాబట్టి మా ప్లాటు ముందు రోడ్డు జీవీఎంసీయో (నగరపాలక సంస్థ) వీఎంఆర్‌డీఏయో (పట్టణాభివృద్ధి సంస్థ) వేయాలి.

లేఔట్ లోపలి రోడ్డు వేయాల్సింది లేఔట్ వేసినవాడు. రోడ్లు, కాలువలు, కరెంటు స్తంభాలు, నీళ్ల లైను అన్నీ అతని సొంత ఖర్చుతోనే. మీరు గజానికి ఇచ్చిన ధరలో ఆ ఖర్చు కలిసే ఉంటుంది. పనులు అయ్యాక ఆ రోడ్లనూ, 10 శాతం ఖాళీ స్థలాన్నీ గిఫ్ట్ డీడ్ చేసి స్థానిక సంస్థకి అప్పగించాలి. మధ్యలో ఎగ్గొట్టి పోకుండా 15 శాతం ప్లాట్లను తనఖా పెట్టించుకుంటారు. పనులు పూర్తయితేనే వాటిని విడుదల చేస్తారు. 2017 లేఔట్ రూల్స్‌లో ఉన్న పద్ధతి ఇది.

డెవలప్‌మెంట్ చార్జీల సంగతి వేరు. భూమి వాడకం మారినప్పుడు, కొత్త కట్టడం వచ్చినప్పుడు ఊరి మీద పడే భారానికి కట్టించుకునే డబ్బు అది. 1975 నాటి పట్టణాభివృద్ధి చట్టంలోనే ఉంది, వుడా వీఎంఆర్‌డీఏగా మారాక 2016 చట్టం కింద కొనసాగుతోంది. మాస్టర్ ప్లాన్ రోడ్లు, పెద్ద కాలువలు, జంక్షన్ల లాంటి ఊరందరి పనులకు పోవాల్సిన సొమ్ము. మీ గేటు ముందు సీసీ రోడ్డుకి కట్టిన అడ్వాన్స్ కాదు.

ఈ తేడా తెలియనివాళ్లకే బ్రోకర్లు అప్రూవల్ లేని ప్లాట్లు అంటగడతారు. "పంచాయతీ అప్రూవల్ ఉంది, ఎల్ఆర్ఎస్ కట్టేస్తే రోడ్లు వాళ్లే వేస్తారు" అంటారు. రెండూ తప్పే. పంచాయతీ కార్యదర్శి సీలు ఉన్న కాగితం లేఔట్ అప్రూవల్ కాదు. ఎల్ఆర్ఎస్ అంటే అప్రూవల్ లేని లేఔట్ల క్రమబద్ధీకరణ పథకం. అది మీ ప్లాటుని క్రమబద్ధం చేస్తుంది, ప్లాన్ పెట్టుకోనిస్తుంది, అంతే. ఆ డబ్బుతో ఫలానా వీధిలో ఫలానా నెలకి రోడ్డు వేస్తామని ఎవరూ రాసివ్వరు. "ఎల్ఆర్ఎస్ ఎప్పుడూ వస్తూనే ఉంటుందిలే" అన్న ధీమా కూడా వద్దు. 2020లో వచ్చినదానికి 2019 ఆగస్టు 31 కటాఫ్. ఆ తర్వాత రిజిస్టర్ అయినవి అప్పట్లో అందులోకి రాలేదు.

లెక్క చూడండి. 200 గజాల ప్లాటు, గజం ప్రభుత్వ విలువ 10 వేలు అనుకుందాం. మొత్తం 20 లక్షలు. 2020 ఎల్ఆర్ఎస్ వచ్చినప్పటి రూల్స్ ప్రకారం, లేఔట్‌లో ఖాళీ స్థలం వదలకపోతే దాని బదులు ప్లాటు విలువలో 14 శాతం కట్టాల్సి వచ్చేది. అంటే 2 లక్షల 80 వేలు. క్రమబద్ధీకరణ చార్జీ దీనికి అదనం. లేఔట్ వేసినవాడు వదలాల్సిన పార్కుకి మీరు డబ్బు కడుతున్నారన్నమాట.

షిప్‌యార్డులో రిటైరైన ఒక పెద్దాయన, ఆయన భార్య ఆనందపురం దాటాక కొన్న ప్లాటు కాగితాలతో వచ్చారు. సంచిలో సేల్ డీడ్, రంగుల బ్రోచరు, పంచాయతీ సీలున్న ప్లాను ఉన్నాయి. బ్రోచర్లో "40 అడుగుల రోడ్లు" అని పెద్ద అక్షరాలు. సైటుకి వెళ్లి రాయి నుంచి రాయికి టేపు పట్టాం. 23 అడుగులు. ఎర్ర గ్రావెల్ పోసి వదిలేశారు, వానకి మధ్యలో గండి పడింది. ప్లాన్‌కి చూసే 30 అడుగుల రోడ్డు లెక్కన మధ్య నుంచి 15 అడుగులు ఉండాలి, ఉన్నది పదకొండున్నర. మిగతా మూడున్నర అడుగులు వాళ్ల ప్లాటులోంచే వదలాలి. ముఖం వెడల్పు 33 అడుగులు కాబట్టి దాదాపు 13 గజాలు పోయింది. "మా ప్లాటులోంచి రోడ్డుకి మేమెందుకివ్వాలి బాబూ?" అని ఆ అమ్మగారు అడిగారు. పీఎఫ్ డబ్బుతో కొన్న స్థలం మరి. రూలు వివరించగలిగాను గానీ ఆ 13 గజాలు తిరిగి ఇప్పించలేను కదా. లేఔట్ వేసినాయన ఫోన్ అప్పటికే పనిచేయడం లేదు.

అందుకే కొనేముందు చూడండి. ఎల్‌పీ (లేఔట్ ప్లాన్) నంబరు ఉందా, అది తాత్కాలిక అనుమతా, ఫైనల్ అప్రూవలా? తనఖాలో ఉన్న ప్లాట్ల నంబర్లు ఏవి? మీకు అమ్మేది వాటిలో ఒకటైతే, విడుదల ఉత్తర్వు చూపించాకే అడ్వాన్స్ ఇవ్వండి. ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించండి, తనఖా రిజిస్టర్ అయి ఉంటే అందులో కనిపిస్తుంది. 500 చదరపు మీటర్లు దాటిన లేఔట్‌కి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది ఉంటే, పనులు ఆపేసినవాడి మీద ఫిర్యాదు చేయడానికి మీకో చోటు ఉంటుంది. టేపు తీసుకెళ్లి రోడ్డు మీరే కొలవండి, బ్రోచరు నమ్మొద్దు.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను.

"చార్జీలు ఆఫీసులో మాట్లాడి తగ్గించుకోవచ్చు." ప్లాటు విస్తీర్ణం, నిర్మాణ విస్తీర్ణం, రేట్లను బట్టి సిస్టమ్‌లో లెక్క పడుతుంది. ఆన్‌లైన్‌లోనే కట్టండి. "నేను చూసుకుంటా" అన్నవాడి చేతికి రూపాయి ఇవ్వొద్దు.

"ఇంపాక్ట్ ఫీజు అందరికీ పడుతుంది." పడదు. 2012 నాటి జీవో 168లో 15 మీటర్లు దాటే ఎత్తైన భవనాల పై అంతస్తుల కోసం పెట్టింది అది. మీ జీ ప్లస్ వన్ ఆ లెక్కలోకి రాదు. ఆ సొమ్ము ప్రత్యేక ఖాతాలో ఉంచి, సగం అదే ప్రాంతంలో ఖర్చు పెట్టాలని ఆ జీవోలోనే రాశారు. మీ ఏరియాలో టవర్లు లేస్తున్నాయా? కాలనీ సంఘం తరఫున ఆ లెక్క ఆర్టీఐలో అడగండి. నిలదీయాల్సిన చోటు అదే.

"ఊళ్లో పెద్ద రోడ్లన్నీ మన ఫీజులతోనే వేశారు." కాదు. ఆనందపురం–అనకాపల్లి ఆరు వరుసల దారి జాతీయ రహదారుల సంస్థది. బీఆర్‌టీఎస్ (బస్సుల ప్రత్యేక దారుల) కారిడార్లు కేంద్రం అప్పటి పట్టణ పథకం జేఎన్ఎన్‌యూఆర్ఎంలో వచ్చాయి. అందులో మన స్థాయి నగరాలకు కేంద్రం 50 శాతం, రాష్ట్రం 20 శాతం, మిగతా 30 నగరం వాటా. 2018లో జీవీఎంసీ 80 కోట్లకు బాండ్లు కూడా వేసింది, అది వడ్డీతో తీర్చాల్సిన అప్పు. ఫీజులు ఒక్కటే ఊరికి చాలవు. అవి ఎగ్గొట్టినా ఆ లోటు తిరిగి పన్నుల రూపంలో మన మీదే పడుతుంది.

"విస్తరణలో స్థలం పోతే ఏమీ రాదు." మాస్టర్ ప్లాన్ రోడ్డుకి స్థలం డబ్బు తీసుకోకుండా అప్పగిస్తే, దాని బదులు అదనపు నిర్మాణ హక్కు ఇచ్చే టీడీఆర్ బాండ్ అడగొచ్చు, లేదంటే సెట్‌బ్యాక్‌లో (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలో) సడలింపు తీసుకోవచ్చు. బాండ్‌ని మీరు వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు. అయితే గోడ పడగొట్టక ముందే కొలతలు, ఫోటోలు, సర్వే స్కెచ్ మీ దగ్గర పెట్టుకోండి. కూల్చేశాక మీ గోడ ఎక్కడిదాకా ఉండేదో నిరూపించడం చాలా కష్టం.