వెదురు పర్మిట్ ఎవరి చేతిలో ఉండాలి?

వెదురు గడ్డి జాతి మొక్క. అయినా 1927 నాటి భారత అటవీ చట్టం దాన్ని చెట్లతో కలిపి లెక్కగట్టింది. దాంతో చాలా రాష్ట్రాల్లో, సొంత పొలం గట్టున పెంచుకున్న బొంగులు కొట్టి అమ్ముకోవాలన్నా రైతు పర్మిట్ కోసం అటవీశాఖ చుట్టూ తిరగాల్సి వచ్చింది.

మిల్లుల సంగతి వేరు. 1938లో కాగజ్‌నగర్‌లో సిర్పూర్ కాగితపు మిల్లు పెట్టిందే ఆదిలాబాద్ వెదురును చూసుకుని. స్వాతంత్ర్యం వచ్చాక ఎన్నో రాష్ట్రాలు ఇలాంటి మిల్లులకు ఏళ్ల తరబడి లీజులిచ్చి, కారుచౌకగా వెదురు కూపులు, అంటే నరకడానికి కేటాయించిన అడవి భాగాలు, అప్పగించాయి. పొద కొట్టడానికి ఒక పద్ధతుంది. పిలక రెండు మూడు నెలల్లోనే నిలువెత్తు దాటి పెరిగిపోయినా, గట్టిపడడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ముదురు బొంగులే తీసి లేతవి వదలాలి. ఊడ్చినట్టు నరికితే పొద మళ్లీ కోలుకోదు, అసలు కొట్టకపోతే ఇరుక్కుపోయి కొత్త పిలకకు చోటుండదు.

మేదరులకు కావలసింది పచ్చి బొంగు. కత్తి పెట్టగానే కణుపు నుంచి కణుపుకు నిలువునా చీలాలి, బద్ద విరగకుండా వంగాలి. అప్పుడే తట్టయినా చేటయినా కుదురుగా వస్తుంది. అనుమతి ఆలస్యమయ్యే కొద్దీ బొంగు ఎండి పెళుసెక్కుతుంది. ఒక కులవృత్తిని ఇంతకన్నా నెమ్మదిగా చంపే మార్గం మరొకటి లేదు.

మిల్లులు ముడిసరుకును సహజ అడవుల నుంచి కాక రైతుల నుంచి సమకూర్చుకోవాలని 1988 జాతీయ అటవీ విధానం చెప్పింది. మంచి మాటే. కానీ రైతులు జామాయిల్, సుబాబుల్ వేశారు. కొట్టేటప్పుడు పర్మిట్ అడిగే వెదురును ఎందుకు నాటుతారు?

2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి, దాని మీద హక్కు అడవిబిడ్డలదేనంది. అటవీశాఖల్లో కదలిక రావడానికి మరో అయిదేళ్లు పట్టింది. 2011 ఏప్రిల్‌లో అప్పటి కేంద్రమంత్రి జైరాం రమేశ్ మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా మేంఢా లేఖా గ్రామానికి వెళ్లి, రవాణా పర్మిట్ల పుస్తకాన్ని గ్రామసభకు అప్పగించారు. ఈ మొత్తం చరిత్రలో అసలైన సంస్కరణ అదేనని నా నమ్మకం. అమ్మేదీ, పర్మిట్ రాసేదీ, అడవిని కాచేదీ ఒకే ఊరయింది.

1927 చట్టాన్ని సవరిస్తూ వచ్చిన 2017 నవంబరు ఆర్డినెన్సుతో, అడవి బయట పెరిగే వెదురు చెట్ల నిర్వచనం నుంచి బయటపడింది. 2018 బడ్జెట్‌లో వెదురు మిషన్‌కు 1,290 కోట్ల రూపాయలు ప్రకటించారు. అప్పటికే వెదురుతో చేసే అగరుబత్తి పుల్లలు వియత్నాం, చైనాల నుంచి దిగుమతి అవుతున్నాయి. వాటి మీద దిగుమతి సుంకాన్ని 10 నుంచి 25 శాతానికి పెంచింది 2020లో.

2017 సవరణ మేలు చేసింది భూమి ఉన్నవాళ్లకు. అడవిలోని వెదురుకు పాత ఆంక్షలు అలాగే ఉన్నాయి. మేదరులలో ఎక్కువమందికి సెంటు భూమి లేదు. పర్మిట్ ఇచ్చే అధికారం గ్రామసభ కమిటీదేనని అటవీ హక్కుల నిబంధనల్లో 2012లోనే చేర్చారు. రాష్ట్రాలు తమ రవాణా నిబంధనలను దానికి తగ్గట్టు మార్చి, మేదరులకు పచ్చి బొంగు గ్రామసభల నుంచే నేరుగా అందే ఏర్పాటు చేయాలి.