నేవీ ఉద్యోగం: తిండి గొడవ నుంచి ఫోన్ దాకా

విశాఖలో నేవీ కుటుంబాలుండే మల్కాపురం వైపు ఏ ఇల్లాలైనా "మా ఆయన సెయిలింగ్‌లో ఉన్నారు" అంటే, ఎక్కడ, ఎన్నాళ్లు అని ఎవరూ అడగరు. అడిగినా ఆమెకూ తెలియదు. సెయిలర్ల ఉద్యోగ సంతృప్తి గురించి మాట్లాడేటప్పుడు అందరూ ముందు జీతం ఎత్తుతారు. నాకు మాత్రం ఈ తెలియకపోవడమే అసలు భారం అనిపిస్తుంది.

అసంతృప్తి మొదట బయటపడింది తిండి దగ్గర. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలోని తల్వార్ అనే నౌకాదళ శిక్షణ కేంద్రంలో నావికులు సమ్మెకు దిగారు. నోట పెట్టలేని తిండి, తెల్ల అధికారుల బూతులు. సమ్మె కరాచీకి, మద్రాసుకి, మన విశాఖకి పాకింది. దాదాపు 20 వేల మంది కలిశారు. బ్రిటిష్ నావికులతో సమానంగా జీతం ఇవ్వాలని, నేతాజీ సైన్యమైన ఆజాద్ హింద్ ఫౌజ్ ఖైదీలను వదలాలని అడిగారు. అంటే కంచం దగ్గర మొదలైనా, వాళ్లు అడిగింది మర్యాద.

1968లో తూర్పు నౌకాదళ కమాండ్ విశాఖలో ఏర్పడింది. జలాంతర్గాములూ ఇక్కడికే వచ్చాయి. ఆ బతుకు ఎలా ఉండేదో చూడాలంటే ఆర్కే బీచ్‌లో ఇప్పుడు మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామి ఎక్కండి. 1969 నుంచి 2001 దాకా పనిచేసింది. పొడవు 91 మీటర్లున్నా లోపల నడవ ఒక్క మనిషికే సరిపోతుంది. గుండ్రటి ద్వారాల్లోంచి వంగి దూరాలి. టార్పెడోల పక్కనే అటకల్లాంటి బంకులు. మంచినీళ్లు పొదుపుగా వాడాలి, స్నానం మాట మరిచిపోవాల్సిందే. మనం పది నిమిషాల్లో ఉక్కపోసి బయటికొచ్చేస్తాం, వాళ్లు వారాల తరబడి ఉండేవారు.

జీతాలు పెరిగాయి, కాదనను. సైనికుల కష్టాలకుగాను జీతంతో పాటు అదనంగా ఇచ్చే సైనిక సేవా వేతనం సెయిలర్లకు ఆరో వేతన సంఘంలో నెలకు 2,000, ఏడో సంఘంలో 5,200 రూపాయలు. అదే ఏడో సంఘంలో అధికారులకు 15,500. ఒకే షిప్‌లో ఒకే తుఫాను తట్టుకునేవాళ్ల మధ్య ఇంత తేడా న్యాయమనిపించదు.

2019 డిసెంబర్‌లో గూఢచర్యం కేసులో ఏడుగురు నావికులు అరెస్టయ్యారు. ఆ కేసు పట్టుకున్నది మన రాష్ట్ర ఇంటెలిజెన్స్ పోలీసులే. వెంటనే నేవీ షిప్‌లలో, బేస్‌లలో స్మార్ట్‌ఫోన్లు నిషేధించింది. భద్రత కోసం తప్పదు. కానీ ఇంట్లో పసిబిడ్డను వీడియోలో చూసుకునే వీలూ దాంతోనే పోయింది.

2022లో సైనిక నియామకాలకు అగ్నిపథ్ అనే కొత్త పథకం వచ్చింది. అంతకుముందు పదిహేనేళ్లు చేస్తే పెన్షన్ ఖాయం. ఇప్పుడు నాలుగేళ్లు, ఆ తర్వాత నూటికి పాతిక మందికి మించి ఉంచుకోరు, మిగతావాళ్లకు పెన్షన్ లేదు. "షిప్ ఎప్పుడొస్తుంది?" అని ఎదురుచూసే ఇళ్లలో ఇప్పుడు "వీణ్ణి ఉంచుతారా?" అన్న టెన్షన్ కూడా చేరింది.