మెదడు వాయిస్తోందా, కరెంటు వాయిస్తోందా?

మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష ఈఈజీ తీయించుకోవడానికి వెళ్లే వాళ్లకు కాకినాడలోనైనా భీమవరంలోనైనా ముందు చెప్పే మాట ఒకటే: తలకు నూనె రాయకండి, షాంపూతో రుద్దుకుని, ఆరబెట్టుకుని రండి. కొబ్బరి నూనె ఇంకిన మాడు మీద ఎలక్ట్రోడ్, అంటే ఆ తరంగాన్ని పట్టే లోహపు బిళ్ల, నిలవదు, నిలిచినా సంకేతం సరిగ్గా రాదు. మెదడు తరంగాలతో సంగీతం చేద్దామనుకునే వాళ్లకూ మొదటి పాఠం అదే. ఈ ప్రయోగాలకు 60 ఏళ్లు నిండాయి. వాటితోపాటే పుట్టిన తగాదా మాత్రం ఇంకా తెగలేదు: వినబడే దాంట్లో మెదడుది ఎంత, పక్కనున్న యంత్రాలది, మనుషులది ఎంత?

2025లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఆ తగాదా కొత్త మలుపు తిరిగింది. 2021లో కన్నుమూసిన అమెరికన్ స్వరకర్త ఆల్విన్ లూసియర్ బతికుండగా ఇచ్చిన రక్తం నుంచి మూలకణాలు (స్టెమ్ సెల్స్) తయారుచేసి, వాటితో మెదడు కణాల చిన్న ముద్దలు పెంచారు. వాటి విద్యుత్ సంకేతాలు సుత్తుల్ని కదిలిస్తే, గోడలకు బిగించిన ఇత్తడి పలకలు మోగుతాయి. కళాకారులు గై బెన్-ఆరీ, నేథన్ థాంప్సన్, మ్యాట్ గింగోల్డ్ న్యూరోసైంటిస్టు స్టూవర్ట్ హాడ్జెట్స్‌తో కలిసి చేసిన పని ఇది. స్వరకర్త పోయాక కూడా స్వరకల్పన సాగుతుందా అన్నది వాళ్లు లేవనెత్తిన ప్రశ్న. లూసియర్‌నే ఎంచుకోవడానికి కారణం తెలియాలంటే వెనక్కి వెళ్లాలి.

జర్మనీలోని యేనాలో హన్స్ బెర్గర్ 1924లో మనిషి తల మీంచి విద్యుత్ తరంగాన్ని మొదటిసారి నమోదు చేశాడు. 1929లో ప్రచురించాడు. చాలామంది నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ మళ్లీ చేసి చూపించాకే లోకం ఒప్పుకుంది. బెర్గర్ గుర్తించిన ఆల్ఫా లయ సెకనుకు 8 నుంచి 13 సార్లు ఊగుతుంది. మెలకువగా ఉండి కళ్లు మూసుకుంటే తల వెనకభాగంలో లేస్తుంది, కళ్లు తెరిస్తే పడిపోతుంది.

అమెరికా వైమానిక దళ పరిశోధనశాలలో పనిచేసే ఎడ్మండ్ డ్యువన్ ఈ లేవడం, పడడంతోనే మోర్స్ (టెలిగ్రాఫ్ చుక్క-గీత) సంకేతాలు పంపి చూపించాడు. ఆయన ఇచ్చిన పరికరాలతో, స్వరకర్త జాన్ కేజ్ ప్రోత్సాహంతో, 1965 మేలో బ్రాండైస్ విశ్వవిద్యాలయంలోని రోజ్ ఆర్ట్ మ్యూజియంలో లూసియర్ తలకు ఎలక్ట్రోడ్లు పెట్టుకుని కళ్లు మూసుకుని కూర్చున్నాడు. 10 హెర్ట్జ్, అంటే సెకనుకు 10 ఊపుల శబ్దం చెవికి అందదు, మన వినికిడి మొదలయ్యేదే 20 దగ్గర. అందుకని తరంగాన్ని పెంచి లౌడ్‌స్పీకర్లకు ఇచ్చి, వాటిని డ్రమ్ములకు, గాంగులకు ఆనించి పెట్టాడు. వినబడని కుదుపే వాటిని వాయించింది. కంప్యూటర్ లేదు, స్వరాలు ఎంచేవాడు లేడు. తర్వాత వచ్చిన వాటికంటే నిజాయితీ గల పద్ధతి ఇదే అనిపిస్తుంది.

కోనసీమ తీర్థాల్లో తాషా డ్రమ్ము మీద పుల్లలు జోరుగా ఆడేటప్పటి వేగం ఈ 10 హెర్ట్జ్‌కు దరిదాపుల్లో ఉంటుంది. కనుక లూసియర్ పద్ధతి మన వాయిద్యాలకు బాగానే నప్పుతుంది. చేసి చూడాలంటే, తల వెనక ఎముక బొడిపె నుంచి సుమారు మూడున్నర సెంటీమీటర్లు పైకి, అక్కడి నుంచి అటూ ఇటూ మూడేసి సెంటీమీటర్ల దూరంలో ఒక్కో ఎలక్ట్రోడ్. చెవి తమ్మెకు పోల్చి చూసే రిఫరెన్స్ ఎలక్ట్రోడ్, నుదుటికి గ్రౌండ్ ఎలక్ట్రోడ్. జెల్‌తో చర్మాన్ని రుద్ది, నిరోధం 5 కిలోఓమ్‌ల లోపుకు దించాలి. వచ్చే సంకేతం 20 నుంచి 50 మైక్రోవోల్టులే. దాన్ని ఒక వోల్టుకు తేవాలంటే 20 వేల నుంచి 50 వేల రెట్లు పెంచాలి. చాలామంది తప్పేది స్పీకర్ దగ్గర: మామూలు పాటల ఆంప్లిఫయర్ 20 హెర్ట్జ్ కింద చేతులెత్తేస్తుంది. డీసీ దాకా, అంటే సున్నా హెర్ట్జ్ దాకా, పలికే ఆంప్లిఫయర్ కావాలి. డప్పు చర్మాన్ని ముందు మంట మీద కాచుకోవాలి. మన గాలి తేమకు వదులైన చర్మం ఎంత కుదిపినా పలకదు.

ఇక మన గోదావరి డెల్టా కష్టాలు. చెమట పడితే సంకేతం మెల్లగా పైకీ కిందకీ కొట్టుకుపోతుంది, 1 హెర్ట్జ్ కిందిది కోసెయ్యాలి. కిళ్లీ నమిలితే దవడ కండరం మెదడును ముంచేస్తుంది. రెప్పపాటు ఆల్ఫా కంటే పెద్ద అల లేపుతుంది. అన్నింటికంటే పెద్ద బెడద 50 హెర్ట్జ్ కరెంటు రొద. ఫ్యాన్ రెగ్యులేటర్, ట్యూబ్‌లైటు సరే, ఆకివీడు, ఉండి వైపు రొయ్యల చెరువుల పక్కన ఏరియేటర్ మోటార్ల తీగలు కూడా దాన్ని చిమ్ముతాయి. ఫిల్టర్ పెట్టాం కదా అనుకుంటారు. కానీ ఆ రొద ఫిల్టర్ దాకా రాకముందే మొదటి ఆంప్లిఫయర్‌ను నింపేస్తే, ఆల్ఫా అక్కడే పోతుంది. తీగలు మెలేసి, బ్యాటరీ మీద నడపాలి. తలకు తగిలించిన సొంత సర్క్యూట్‌ను గోడ ప్లగ్గుకు కలపడం ప్రాణం మీదకు తెచ్చుకోవడమే.

1967లో రిచర్డ్ టైటెల్‌బామ్ మెదడు తరంగాలను మూగ్ సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాయిద్యానికి కలిపాడు. 1970ల్లో డేవిడ్ రోజెన్‌బూమ్ వినేవాడి ధ్యాస మారిన క్షణాన్ని కంప్యూటర్‌తో పట్టి సంగీతాన్ని అటు తిప్పడం మొదలెట్టాడు. మెదడు-కంప్యూటర్ అనుసంధానం అన్న మాటను జాక్ విడాల్ 1973లో వాడాడు. 2010 దశకంలో ప్లిమత్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డో మిరాండా చేసింది మరో రకం: ఒళ్లు కదపలేని నలుగురు తెర మీద మిణికే గుర్తుల్లో ఒకదాన్ని చూస్తారు. ఆ మిణుకు వేగం మెదడులోని చూపు కేంద్రంలో అచ్చు దిగుతుంది. దాన్నిబట్టి ఎంపికైన స్వరాలు తీగవాయిద్యాల బృందం ముందు పడతాయి. 60 హెర్ట్జ్ తెర మీద మిణుకుకు నిలకడగా దొరికేవి 12, 10, 7.5 లాంటి కొన్ని వేగాలే. మూర్ఛ ఉన్నవాళ్లను దీనికి కూర్చోబెట్టకూడదు. ఇక్కడ మనిషి తెలిసి ఎంచుకుంటున్నాడు కాబట్టి తగాదాకు తావు తక్కువ.

అనుమానం రావాల్సింది రాగాలు పలికించే సాఫ్ట్‌వేర్ల మీద. మోహన రాగంలో ఉన్నవి అయిదు స్వరాలే. వాటికి కట్టేశాక లాటరీ అంకెలు పోసినా చెవికి ఇంపుగానే ఉంటుంది. ఈమని శంకరశాస్త్రి పుట్టిన ద్రాక్షారామంలో, చిట్టిబాబు పుట్టిన కాకినాడలో గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) లేని స్వరాల వరసను రాగమని ఎవరు ఒప్పుకుంటారు? గమకం పెట్టిందెవరని అడిగితే ప్రోగ్రాం రాసినవాడే.

1970 దశకంలో కెనడాలో ఒక న్యూరాలజిస్టు జెల్లీ ముద్దకు ఎలక్ట్రోడ్లు తగిలిస్తే, బతికున్న మెదడుదేమో అనిపించే గీతలు వచ్చాయి. ఆసుపత్రిలోని యంత్రాల రొద, మనుషుల కదలిక కలిసి గీసినవి అవి. జెల్లీ దొరక్కపోతే దోసకాయ చాలు. కచేరీ ముందు తల మీంచి ఎలక్ట్రోడ్లు తీసి, జెల్ రాసి దోసకాయకు పెట్టి, మీటలు కదపకుండా వినండి. తాషా అలాగే మోగుతుంటే, తీగలు మళ్లీ మొదటి నుంచి చూసుకోవాల్సిందే.