డాంబర్ కింద ఏం జరుగుతోంది? హైదరాబాద్ రోడ్లపై అపోహలు - వాస్తవాలు

వానాకాలం వచ్చిందంటే రోడ్డు పనుల్లో ఉన్న మా బోటివాళ్లకు తిట్లు తప్పవు. కొన్నిటికి మేం అర్హులమే. మిగతావి మాత్రం గురి తప్పుతుంటాయి. అందరూ పైన కనిపించే నల్లటి పొరనే చూసి తిడతారు, రోగం ఎక్కువసార్లు దాని కింద ఉంటుంది.

అపోహ: వానలు పడితే రోడ్లు పాడవ్వక తప్పదు.

పడే వానతో పెద్ద ఇబ్బంది లేదు, నిలిచే నీళ్లతోనే. తారు రోడ్డును మధ్యలో ఎత్తుగా, అంచులకు మీటరుకు రెండు రెండున్నర సెంటీమీటర్ల వాలుతో వేస్తారు. అంచుకు చేరిన నీళ్లు అక్కడి నుంచి పోవడానికి దారి ఉండాలి కదా? ఫుట్‌పాత్ రాళ్ల కింద వదిలిన రంధ్రాలు ప్లాస్టిక్ కవర్లతో పూడుకుపోతే ఆ నీళ్లు పగుళ్లలోకి దిగి, కంకరకు అంటుకున్న తారును విడదీస్తాయి. ఆపైన బస్సు వెళ్లిన ప్రతిసారీ లోపలి నీటిపై ఒత్తిడి పడి, దాంతోపాటు సన్నమట్టి పైకి చిమ్ముతుంది. వాన వెలిశాక పగుళ్ల పక్కన బూడిద రంగు మరకలు కనిపిస్తే, అక్కడ గుంత పడటానికి అంతా సిద్ధమైనట్టే.

అపోహ: తారు మందంగా వేస్తే చాలు.

కింద మట్టి, మొరం, కంకర పొరలు గట్టిపడకపోతే పైన ఎంత పోసినా దండగ. పాతదాన్ని మిల్లింగ్ మెషీన్‌తో గీకకుండా పొర మీద పొర వేస్తే రోడ్డు పెరిగి, మ్యాన్‌హోల్ మూతలు గోతుల్లో ఉండిపోతాయి, గేటు దాటి ఇళ్లలోకి నీళ్లొస్తాయి.

ఇంకో సంగతి, వేడి. డాంబర్ మిక్స్‌ను సుమారు 150-160 డిగ్రీల వేడిలో కలుపుతారు. ప్లాంటు ఊరి బయట, పని నగరం నడిబొడ్డున. టార్పాలిన్ సరిగా కప్పని టిప్పర్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే, వచ్చేసరికి మాల్ చల్లారిపోతుంది. ఇక రోలర్ ఎన్నిసార్లు తిప్పినా అది గట్టిపడదు, లోపల గాలి ఖాళీలు మిగిలి నీళ్లకు దారి దొరుకుతుంది. థర్మామీటర్ గుచ్చి చూసి వేసిన రోడ్డూ, చూడకుండా వేసిన రోడ్డూ మొదటి వారం ఒకేలా నిగనిగలాడుతుంటాయి.

అపోహ: రోడ్డు ఉన్నట్టుండి కుంగిపోయింది.

కుంగడం క్షణంలో పనే, దానికి ముందు జరిగేది నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి సాగుతుంది. డ్రైనేజీ పైపు అతుకు వదులైతే పైపులోని నీళ్లు బయటికి రావడమే కాదు, చుట్టూ ఉన్న మట్టి కూడా పైపులోకి జారి కొట్టుకుపోతుంది. మురుగు నుంచి పుట్టే గ్యాస్ పైపు పైకప్పుకు చేరి, అక్కడి తడిలో ఆమ్లంగా మారి కాంక్రీటును తినేస్తుంది. ఇలా మట్టి ఖాళీ అయినచోట బోలు పెరుగుతూ పైకి వస్తుంది. రోడ్డు పొర మాత్రం అప్పడంలా దాని మీద నిలబడి ఉంటుంది, ఓ వాటర్ ట్యాంకర్ వచ్చేదాకా.

2022 డిసెంబర్‌లో గోషామహల్ చాక్నావాడిలో కూలింది వేరే రకం. అక్కడ కూలింది నాలా మీది స్లాబు. పైన బజారు నడుస్తుంటుంది, అడుగున స్లాబు పరిస్థితి ఎవరికీ కనిపించదు. నాలాను మూసినచోటల్లా ఇదే చిక్కు.

మ్యాన్‌హోల్ చుట్టూ రోడ్డు పళ్లెంలా దిగుతున్నా, ఎండాకాలంలోనూ ఒకేచోట చెమ్మగా ఉంటున్నా నగరంలో మంచినీళ్లు, డ్రైనేజీ చూసే జలమండలి నంబరు 155313కు చెప్పండి. ఓ తట్ట మట్టి పోసి మీరే పూడ్చకండి. కింద బోలు అలాగే ఉంటుంది, పైన గుర్తు మాత్రం చెరిగిపోతుంది.

అపోహ: కార్లు ఎక్కువై రోడ్లు పోతున్నాయి.

కార్లతో వచ్చేది ట్రాఫిక్ జామ్. 1958-60లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో చేసిన పరీక్షల నుంచి ఇంజినీర్లు వాడుతున్న లెక్క ప్రకారం, ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు నష్టం దాదాపు 16 రెట్లు. కాలనీ రోడ్డు మీదికి అపార్ట్‌మెంట్ పని కోసం వచ్చే రెడీమిక్స్ లారీని ఈ లెక్కలో చూడండి.

అపోహ: సీసీ (సిమెంట్ కాంక్రీట్) రోడ్డు వేస్తే ఇక చూసుకోనక్కర్లేదు.

వేశాక కొన్ని రోజులు తడిగా ఉంచే క్యూరింగ్ సరిగా చేస్తే, ఎవరూ తవ్వకుండా ఉంటే బాగానే మన్నుతుంది. మన కాలనీల్లో ఆ రెండోది జరగదు.

అపోహ: అంతా కాంట్రాక్టరే తినేస్తాడు.

తినేవాళ్లు లేరని నేననను. కానీ వేసేవాడు ఒకడు, తవ్వేవాడు ఇంకొకడు, పూడ్చాల్సినవాడు ఎవరో తేలదు. 2019-20లో జీహెచ్‌ఎంసీ 709 కిలోమీటర్ల ప్రధాన రోడ్ల నిర్వహణను ఐదేళ్లపాటు ఏజెన్సీలకు అప్పగించడం వెనుక, కనీసం వాటికైనా ఒక బాధ్యుడు ఉండాలన్న ఆలోచన ఉండేది. గల్లీ రోడ్లు అందులో లేవు. అక్కడ పైపు వేశాక, కేబుల్ వేశాక తీసిన మట్టినే ఒక్కసారిగా గోతిలోకి తోసి, పైన కాస్త కంకర చల్లి వెళ్లిపోతారు. పదిహేను, ఇరవై సెంటీమీటర్ల పొరలుగా పోస్తూ, ఒక్కో పొరనూ తడిపి ర్యామర్‌తో దిమ్మిస చేయాలి. దానికి ఇంకో పూట పడుతుంది, కూలి అవుతుంది. ఆ పూట మిగుల్చుకున్నచోట రోడ్డుకు అడ్డంగా దిగిన గీత ఎక్కడుందో స్కూటర్ మీద రోజూ వెళ్లేవాళ్ల నడుమును అడిగితే చెబుతుంది.